శబ్ద చరిత్ర – 9వ భాగం: ముల్లుకు వినపడని మోత

టెలిఫోను తీగలో మైళ్ల దూరం ప్రయాణించిన మాట ఎంత నీరసించిపోయిందో లెక్కగట్టడానికి బెల్ కంపెనీ ఇంజనీర్లు డెసిబెల్‌ను ఎలా పుట్టించారో గత భాగంలో చూశాం. తీగల మీద ఆ కొలత చక్కగా పనిచేసింది. ఆ ధీమాతోనే దాన్ని తెచ్చి మనిషి చెవికి పెట్టారు. అక్కడ బెడిసికొట్టింది. మీటరు ముల్లు ఒకే అంకె దగ్గర నిలిచిన రెండు శబ్దాల్లో ఒకటి చెవికి గట్టిగా తగిలేది, రెండోది వినిపించీ వినిపించనట్టుండేది. ఒక్కోసారి రెండోది అసలు వినిపించేదే కాదు.

ముల్లుకీ చెవికీ మధ్య ఉన్న ఈ సందులోకే తర్వాత ప్రకటనలవాళ్లు దూరారు, రికార్డు కంపెనీలు దూరాయి, చివరికి చట్టసభలు కూడా తలదూర్చాల్సి వచ్చింది. సీరియల్ మధ్యలో ప్రకటన మొదలవగానే ఇంటింటా రిమోట్ కోసం సోఫాలు తడమడానికి మూలం అక్కడే ఉంది.

ఫ్లెచర్ వంకర గీతలు

హార్వీ ఫ్లెచర్ 1884లో అమెరికాలోని యూటా ప్రాంతంలో, ప్రోవో అనే ఊళ్లో పుట్టాడు. షికాగోలో రాబర్ట్ మిలికన్ దగ్గర పరిశోధన చేస్తూ, ఎలక్ట్రాన్ ఆవేశాన్ని తూచిన ప్రసిద్ధమైన నూనెచుక్కల ప్రయోగంలో పాలుపంచుకున్నాడు. ఆ పని పేరు చెప్పుకుని 1923లో నోబెల్ బహుమతి మిలికన్ ఒక్కడికే వచ్చింది. నూనెచుక్కల పత్రం మీద గురువు పేరు, మరో పత్రం మీద శిష్యుడి పేరు మాత్రమే ఉండేలా తమ మధ్య ఏర్పాటు జరిగిందని ఫ్లెచర్ రాసిపెట్టుకున్నాడు. 1981లో ఆయన పోయాక, మరుసటి ఏడు గానీ ఆ రాత అచ్చుకాలేదు. బతికున్నన్నాళ్లూ దాన్ని బయటపెట్టలేదంటే ఎలాంటి మనిషో ఊహించుకోవచ్చు.

1916లో ఆయన వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో చేరాడు. ఆ పరిశోధన విభాగమే తర్వాత బెల్ లేబొరేటరీస్‌లో కలిసింది. టెలిఫోను కంపెనీకి చెవితో ఏం పని అనిపించవచ్చు. చెవి పట్టించుకోని శబ్దాన్ని తీగలో పంపడం దండగ ఖర్చు కదా! చెవికి ఏం కావాలో, ఏం అక్కర్లేదో తేల్చుకుంటే తీగకయ్యే రాగి మిగులుతుంది. ఇరవయ్యో శతాబ్దంలో వినికిడి శాస్త్రం ఇంతగా పెరగడానికి వైద్యుల కంటే టెలిఫోను బిల్లులే ఎక్కువ కారణమని నా అభిప్రాయం.

ఫ్లెచర్, ఆయన సహచరుడు వైల్డెన్ మన్సన్ చేసిన ప్రయోగం చెప్పుకోవడానికి చాలా చిన్నది. వినేవాళ్లకి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించారు. సెకనుకు 1,000 కంపనాల స్వరాన్ని ఆధారంగా తీసుకున్నారు. దాని పక్కన ఇంకో స్వరం వినిపించి, రెండూ సమానంగా ఉన్నాయా, ఏది గట్టిగా ఉంది అని అడిగారు. సమానం అనేదాకా మార్చుకుంటూ పోయారు. ఇలా కింది స్థాయి స్వరాల నుంచి కీచుస్వరాల దాకా, గుసగుస మొదలుకుని చెవులు నొప్పెట్టే మోత దాకా చేశారు. 1933లో ఫలితాలు అచ్చయ్యాయి.

సమానంగా వినపడిన బిందువులన్నీ కలిపి గీస్తే వచ్చినవి తిన్నని గీతలు కావు, వంకర గీతలు. 1,000 కంపనాల స్వరం 40 డెసిబెల్స్ దగ్గర ఎంత గట్టిగా ఉంటుందో, 100 కంపనాల స్వరం అంత గట్టిగా వినిపించాలంటే దాన్ని 60 డెసిబెల్స్ దాటించాలి. 3,000, 4,000 కంపనాల దగ్గర చెవికి చురుకు ఎక్కువ, అక్కడ తక్కువ శబ్దానికే ఉలిక్కిపడుతుంది. ఇంకో చిక్కు, మోత పెరిగేకొద్దీ ఈ వంకరలు సాఫవుతాయి. అంటే ఒకే పాటను సన్నగా పెడితే మృదంగం ఎడమవైపు గుమ్మనే నాదం మాయమై, తాళాల చప్పుడు మిగులుతుంది. గట్టిగా పెడితే మాయమైన నాదం తిరిగొస్తుంది. పాత స్టీరియోల మీద ‘లౌడ్‌నెస్’ అని ఒక మీట ఉండేది గుర్తుందా? సన్నగా వినేటప్పుడు తగ్గిపోయే ఆ అడుగు స్వరాలను పైకి లేపడానికి పెట్టిందే అది. మనవాళ్లలో చాలామంది దాన్ని ఎప్పుడూ నొక్కే ఉంచేవారు, అది వేరే సంగతి.

అప్పటికే జర్మనీలో హైన్రిక్ బార్క్‌హౌజెన్ వినికిడి కొలతకు ‘ఫోన్’ అనే ప్రమాణాన్ని ప్రతిపాదించి ఉన్నాడు. 1936లో హార్వర్డ్‌లో ఎస్.ఎస్. స్టీవెన్స్ ‘సోన్’ అనే ఇంకో కొలత తెచ్చాడు. ఆయన అడిగిన ప్రశ్న వేరు: రెండింతలు గట్టిగా ఉంది అని మనిషి ఎప్పుడంటాడు? స్థూలంగా జవాబు, 10 డెసిబెల్స్ పెరిగినప్పుడు. అంటే శబ్దశక్తి పదింతలైతే చెవికి రెండింతలు. పెళ్లిలో ఒక సన్నాయి చోట పది సన్నాయిలు ఊదిస్తే ఖర్చు పదింతలవుతుంది, మోత రెట్టింపే అవుతుంది.

ఫ్లెచర్ గీతలు ప్రయోగశాల దాటి వీధిలోకి రావడానికి మూడేళ్లు పట్టింది. శబ్దాన్ని కొలిచే యంత్రాలకు 1936లో అమెరికాలో ఒక ప్రమాణం రాశారు. 40 ఫోన్ల వంకర గీతను తలకిందులు చేసి, అలాంటి వడపోతను ముల్లుకు ముందు పెట్టమన్నారు. ‘ఏ’ వెయిటింగ్ అదే. సన్నని శబ్దాల కోసం పుట్టిన ఈ వడపోతే, సౌకర్యంగా ఉందని, కాలక్రమంలో అన్నిటికీ అంటుకుపోయింది. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు ఇళ్లుండే చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని గీసిన హద్దు కూడా ‘ఏ’ లెక్కలోనే. 50 కంపనాల దగ్గర ఈ వడపోత ఏకంగా 30 డెసిబెల్స్ కోసేస్తుంది. ఊరేగింపులో డీజే బాక్సులు గుండెల మీద కొడుతున్నప్పుడు అధికారి చేతిలో మీటరు అంత ఇదిగా కంగారు పడకపోవడానికి ఇదొక కారణం.

హెచ్చుతగ్గుల రేడియో

ఇప్పటిదాకా చెప్పింది కొలత గురించి. కొలిచి, దానంతటదే సరిచేసుకునే యంత్రం కథ పక్కగా ఇంకో దారిలో నడుస్తూ వచ్చింది.

1920ల రేడియోలతో వినేవాళ్ల బాధ ఏమిటంటే, పక్కనున్న స్టేషను దద్దరిల్లేది, దూరపు స్టేషను మూలిగేది. ఒకదాని నుంచి ఇంకోదానికి ముల్లు తిప్పేటప్పుడు చెవులు చిల్లులు పడేవి. రాత్రిపూట ఆకాశపు పై పొరల నుంచి తిరిగివచ్చే తరంగాలు ఒకదాన్నొకటి కొట్టుకుని, పాట అలలు అలలుగా లేచి పడేది. ఈ చివరి బాధ మనవాళ్లకీ బాగా తెలుసు. షార్ట్‌వేవ్‌లో సిలోన్ కేంద్రం పెట్టుకుని పాటలు విన్న తరానికి పల్లవి దగ్గర వినిపించి చరణం దగ్గర మునిగిపోవడం మామూలే.

హేజెల్‌టైన్ కంపెనీలో పనిచేసే హెరాల్డ్ వీలర్ 1925లో దీనికొక ఉపాయం కనిపెట్టాడు. రేడియో పట్టుకున్న వాహక తరంగం బలాన్ని ఒక డయోడ్ వాల్వుతో కొలిచి, ఆ ఓల్టేజీని వెనక్కి తిప్పి ముందరి వాల్వుల గ్రిడ్లకు ఇచ్చాడు. స్టేషను బలంగా వస్తే వాల్వులు తమంతట తామే వెనక్కి తగ్గుతాయి, నీరసంగా వస్తే శక్తికొద్దీ పనిచేస్తాయి. 1929లో వచ్చిన ఫిల్కో 95 మోడలు ఈ ఏర్పాటుతో అమ్ముడుపోయింది. ఆ తర్వాత అది లేని రేడియో కనబడడం అరుదైపోయింది.

దీన్ని ఆటోమేటిక్ వాల్యూమ్ కంట్రోల్ అన్నారు గానీ, అది సరిచేసింది స్టేషను బలాన్నే, లోపలున్న కార్యక్రమాన్ని కాదు. స్టేషనువాళ్లే ఒక మాట సన్నగా, ఒక పాట గట్టిగా పంపితే వీలర్ వాల్వు చేయగలిగింది ఏమీ లేదు. ఆ పని స్టూడియో కంట్రోల్ రూములో కూర్చున్న మనిషి చేసేవాడు. ఎదురుగా మీటరు, చేతికింద తిప్పుడు మీట, చెవిలో కార్యక్రమం. గాయకుడు పై షడ్జం అందుకోబోతున్నాడని ముందే పసిగట్టి చెయ్యి మెల్లగా వెనక్కి తీసేవాడు. వాల్యూమ్‌ను ఇంత బాగా నడిపిన యంత్రం ఇప్పటికీ రాలేదని పాత రేడియో ఇంజనీర్లు అంటే కాదనలేం.

ఆ మనిషి ముందున్న మీటరు ఏం చూపించాలన్న దాని మీద మాత్రం అట్లాంటిక్‌కు రెండు వైపులా రెండు అభిప్రాయాలు. అమెరికాలో బెల్ ల్యాబ్స్, సీబీఎస్, ఎన్‌బీసీ కలిసి 1939లో వీయూ మీటరు తెచ్చాయి. దాని ముల్లు నింపాదిగా కదులుతుంది. స్వరం మొదలయ్యాక దాదాపు 300 మిల్లీసెకన్లకు గానీ పూర్తి అంకె చూపదు. చెవి అనుభవానికి అది కాస్త దగ్గర. ఇంగ్లండులో బీబీసీ ఇంజనీర్లు మాత్రం శిఖరాలను పట్టుకునే మీటరు వైపు వెళ్లారు. ఆ ముల్లు చటుక్కున లేచి, మెల్లగా దిగుతుంది. ట్రాన్స్‌మిటర్ భరించగలిగిన హద్దును శబ్దం దాటుతోందా లేదా అన్నదే దాని చింత. ఒకటి చెవి కోసం, రెండోది యంత్రం కోసం. తర్వాత డిజిటల్ రోజుల్లో ప్రపంచమంతా రెండో దారి పట్టింది. తగాదా ముదిరింది అక్కడే.

తాడిచెట్టూ మామిడితోపూ

వరిపొలం మధ్య ఒక్క తాడిచెట్టు ఉందనుకుందాం. పక్కన ఆ తాడిచెట్టు అంత ఎత్తుకూ పెరిగిన దట్టమైన మామిడితోపు. ఎత్తు కొలిచేవాడొచ్చి అత్యంత పొడవైన చెట్టును మాత్రమే కొలిచి, రెండు జాగాలూ సమానమే అని రాసుకుపోతాడు. శిఖరాలను కొలిచే మీటరు చేసేది అచ్చంగా ఇదే. సీరియల్లో కథానాయిక గుసగుసలాడుతుంది, ఒక్కచోట తలుపు ధడాల్న పడుతుంది. ఆ తలుపు చప్పుడు తాడిచెట్టు. ప్రకటనలో ముప్పై సెకన్లూ మామిడితోపే. మీటరు ప్రకారం రెండూ హద్దులోనే ఉన్నాయి.

తోపును ఇంత దట్టంగా పెంచే యంత్రం పేరు కంప్రెసర్. గట్టి శబ్దాలను అణిచి, సన్న శబ్దాలను అలాగే ఉంచి, ఆపైన మొత్తాన్ని కలిపి పైకి లేపుతుంది. శిఖరం ఎక్కడిదక్కడే ఉంటుంది, సగటు లేచిపోతుంది. రేడియో స్టేషన్లకు ఇది మొదట రక్షణగా వచ్చింది: 1937లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ అమ్మిన యాంప్లిఫయరు, అనుకోకుండా లేచే శిఖరాల నుంచి ట్రాన్స్‌మిటర్‌ను కాపాడేది. కాపాడే వస్తువు మోత పెంచే వస్తువుగా మారడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

1960ల నాటికి సీబీఎస్ లేబొరేటరీస్ వాళ్ల ఆడిమ్యాక్స్, వాల్యూమ్యాక్స్ పెట్టెలు అమెరికా స్టేషన్లలో చేరిపోయాయి. ఆడిమ్యాక్స్‌లో ఒక తెలివైన ఏర్పాటు ఉంది. మాట ఆగి నిశ్శబ్దం వచ్చినప్పుడు, మామూలు పెట్టె అయితే శబ్దం తగ్గిందనుకుని అవతలి ఫ్యాను హోరునూ, కాగితాల గలగలనూ పైకి లాగుతుంది. ఈ పెట్టె నిశ్శబ్దాన్ని గుర్తుపట్టి, ఉన్నచోటే ఆగి, మాట మళ్లీ మొదలయ్యేదాకా వేచి ఉంటుంది. ఈ ‘గేటు’ ఆలోచనను గుర్తుపెట్టుకోండి, యాభై ఏళ్లకు దగ్గర్లో మళ్లీ కనిపిస్తుంది.

ప్రకటనల మోత మీద ఫిర్యాదులు పోగుపడి, 1965లో అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఒక విధాన ప్రకటన చేసింది. శ్రోతల గోడు నిజమేననీ, స్టేషన్లు జాగ్రత్త పడాలనీ చెప్పింది. ఎంతకు మించితే తప్పు అన్న అంకె మాత్రం అందులో లేదు, ఉండడానికి వీల్లేదు కూడా, ఎందుకంటే చెవి అనుభవాన్ని కొలిచే మీటరే ఎవరి దగ్గరా లేదు. సీబీఎస్ లేబొరేటరీస్‌లోనే బెంజమిన్ బావర్, ఎమిల్ టోరిక్ ఆ పని తలకెత్తుకున్నారు. ఈ బావర్ ప్రతి పాత సినిమాలో, ప్రతి పాత ఉపన్యాసపు ఫోటోలో కనబడే షూర్ యూనిడైన్ మైకును 1939లో తయారుచేసినవాడే. శబ్దాన్ని కొన్ని పట్టీలుగా విడదీసి, ఒక్కోదానికి చెవి ఇచ్చే విలువ ఇచ్చి, కలిపి చూపే మీటరును వాళ్లు 1966లో వర్ణించారు. మోత పెంచే పెట్టే, మోతను పట్టించే మీటరూ ఒకే ప్రయోగశాలలో తయారవడం అమెరికా వ్యాపారపు చమత్కారం. మీటరు బాగానే ఉన్నా ప్రమాణంగా నిలవలేదు. 1984లో ఎఫ్‌సీసీ, దీనికి పనికొచ్చే నిబంధన రాయడం తనవల్ల కాదని చేతులెత్తేసింది.

మన దగ్గరా పరిస్థితి వేరుగా లేదు. 1994 నాటి కేబుల్ టెలివిజన్ నిబంధనల్లో ప్రకటనల బొమ్మా, శబ్దమూ అతిగా ‘లౌడ్’గా ఉండకూడదని ఒక వాక్యం ఉంది. అతిగా అంటే ఎంత? ఆ వాక్యంలో అంకె లేదు. అంకె లేని నిషేధాన్ని మీరినట్టు నిరూపించడం ఎవరితరం?

ఇక సంగీతం దగ్గరికొస్తే, 1982లో సీడీ వచ్చింది. అందులో శబ్దానికి దాటలేని కప్పు ఒకటి ఉంటుంది. నిపుణులు ఆ కప్పుకు చాలా కిందుగా రికార్డు చేసుకుని, పైన ఖాళీ ఉంచి, డోలు దెబ్బకు చోటు మిగులుస్తారని అందరూ అనుకున్నారు. కొన్నాళ్లు అలాగే జరిగింది. 1994లో వేవ్స్ కంపెనీ ఎల్‌1 అనే లిమిటర్ తెచ్చింది. అది రాబోయే శబ్దాన్ని ఓ క్షణం ముందే చూసి, శిఖరాలను శుభ్రంగా చెక్కేస్తుంది. ఇక పాటను కప్పుకు ఆనించడానికి అడ్డేముంది? పక్కవాడి పాట కంటే మన పాట సన్నగా వినిపిస్తే ఓడిపోతామన్న భయం. అందరూ గట్టిగా అరిచే గదిలో గట్టిగా అరవడం వల్ల లాభం ఎవరికీ లేదని తెలిసినా, మొదట ఆపేవాడు లేడు. 2008 సెప్టెంబరులో మెటాలికా బృందం ‘డెత్ మాగ్నెటిక్’ ఆల్బమ్ వచ్చినప్పుడు అభిమానులే తిరగబడ్డారు. అవే పాటలు ‘గిటార్ హీరో’ అనే వీడియో గేములో ఇంత నలగకుండా దొరికాయి. పక్కపక్కన పెట్టి వింటే గేములోవే బాగున్నాయి. సీడీ కొన్నవాడికి బొమ్మ ఆట కొన్నవాడికంటే అధ్వాన్నమైన శబ్దం దక్కిందన్నమాట.

పోటీకి రానివాడు గెలిచాడు

కొలబద్ద కోసం రెండు ప్రయత్నాలు దాదాపు ఒకే కాలంలో నడిచాయి. ఒకటి ఇంగ్లండులో ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉన్న డేవిడ్ రాబిన్సన్‌ది. కంప్యూటర్లో ఎమ్పీత్రీ పాటలు వరసగా వింటుంటే ఒకటి గుసగుస, ఇంకోటి అరుపు. 2001లో ఆయన ‘రీప్లే గెయిన్’ అనే పద్ధతిని అందరికీ ఉచితంగా ఇచ్చాడు. పాటను ఫ్లెచర్ తరహా వంకర గీతల వడపోతలోంచి పంపి, 50 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క శక్తిని లెక్కగట్టి, అన్నిటినీ చిన్నదాన్నుంచి పెద్దదాకా పేర్చి, నూటికి తొంభై అయిదో చోట ఉన్న అంకెను పట్టుకుంటాడు. సగటు ఎందుకు కాదంటే, పాట గట్టిదా కాదా అని మనం తీర్పు చెప్పేది సన్నగా ఉన్న ఆలాపనను బట్టి కాదు, గట్టిగా ఉన్న భాగాలను బట్టి.

రాబిన్సన్ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చేది, అది పాటను ముట్టుకోదు. ‘ఈ పాటను ఇంత తగ్గించి వినిపించు’ అని ఒక చీటీ పక్కన అంటిస్తుంది, అంతే. ఆల్బమ్ మొత్తానికి వేరే చీటీ ఉంటుంది, కచేరీలో సన్నని కృతి తర్వాత వచ్చే గట్టి తిల్లానా గట్టిగానే మిగలాలి గనక.

రెండో ప్రయత్నం కెనడాలో, ఒట్టావాలోని కమ్యూనికేషన్స్ రీసెర్చ్ సెంటర్‌లో గిల్బర్ట్ సూలోడ్రే నడిపినది. ప్రపంచ ప్రసార ప్రమాణాలు రాసే ఐటీయూ కోసం ఒక పరీక్ష పెట్టారు. నిజమైన రేడియో, టీవీ కార్యక్రమాల ముక్కలు తీసుకున్నారు. అయిదు చోట్ల శ్రోతలను కూర్చోబెట్టి, ఒక స్త్రీ ఇంగ్లిషులో మాట్లాడిన రికార్డును ఆధారంగా ఇచ్చి, మిగతా ప్రతి ముక్కనూ దానికి సమానంగా వినిపించేదాకా మీట తిప్పమన్నారు. ఫ్లెచర్, మన్సన్ అడిగిన ప్రశ్నే ఇదీ. కాకపోతే ఈసారి ఒంటి స్వరాలు కావు, వార్తలూ, సంగీతమూ, ప్రకటనలూ.

శ్రోతల జవాబులు చేతికొచ్చాక, ఆ జవాబులను ఏ మీటరు సరిగ్గా ఊహించగలదో చూడాలి. ఏడుగురు తయారీదార్ల నుంచి పది మీటర్లు పోటీకి వచ్చాయి. వాటిలో చెవి పనితీరును లోతుగా అనుకరించేవి ఉన్నాయి. జర్మనీలో ఎబర్‌హార్డ్ త్స్వికర్ దశాబ్దాలు శ్రమించి, చెవి శబ్దాన్ని 24 పట్టీలుగా విడదీసి వింటుందనీ, ఒక పట్టీలోని శబ్దం పక్కపట్టీని ఎలా కప్పేస్తుందో, అన్నీ కలిస్తే మోత ఎలా పెరుగుతుందో చూపించాడు. ఆ శాస్త్రమంతా కంప్యూటర్లకు అప్పటికి అందుబాటులో ఉంది. పోల్చడానికి ఒక అడుగుగీత ఉండాలని సూలోడ్రే తన తరఫున రెండు అతి మామూలు కొలతలు చేర్చాడు. ఒకటి ఏ వడపోతా లేని శక్తి సగటు. రెండోది, అడుగు స్వరాలను కాస్త తగ్గించే చిన్న వడపోత పెట్టి తీసిన సగటు. వాటికంటే ఎంత మెరుగో చూపించుకోండి అని చెప్పడానికి పెట్టినవి అవి.

గెలిచింది ఆ రెండోదే. వడపోతే లేని మొదటిది కూడా పోటీదార్లలో చాలామందిని దాటేసింది.

ఇందులో త్స్వికర్ తప్పేమీ లేదు. ఒంటి స్వరమో, సన్నని ఈల లాంటి మోతో ఇస్తే ఇప్పటికీ ఆయన లెక్కే సరి, సూలోడ్రే సగటు తప్పుతుంది. ప్రసారంలో వచ్చేది మాత్రం అన్ని స్వరాలూ కలగలిసిన శబ్దం, అదీ చాలా సెకన్లపాటు. అంతసేపట్లో చిన్న చిన్న తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పైగా శ్రోతల్లో శ్రోతలకే తేడాలుంటాయి. ఇద్దరు మనుషులు ఒకే ముక్కకు వేర్వేరు జవాబులిస్తుంటే, మీటరు మరీ సూక్ష్మంగా ఉండి ఎవరిని మెప్పించాలి? ఎవరైనా కొన్ని లైన్ల ప్రోగ్రాము రాసుకుని పరీక్షించుకోగల కొలత అయింది గనకే, వ్యాపార రహస్యం అడ్డురాక, అది ప్రమాణం కాగలిగింది.

2006లో ఐటీయూ దాన్ని బీఎస్.1770 పేరుతో అచ్చువేసింది. మనిషి తల వల్ల కీచుస్వరాలు కాస్త పెరిగి వినబడతాయి కాబట్టి, పై స్వరాలను దాదాపు 4 డెసిబెల్స్ లేపే మరో వడపోతను ముందు చేర్చారు. వెనక స్పీకర్ల నుంచి వచ్చేదానికి 1.5 డెసిబెల్స్ ఎక్కువ విలువ ఇచ్చారు.

గేటు మళ్లీ తెరుచుకుంది

ఆ ప్రమాణం వాడటం మొదలుపెట్టగానే ప్రకటనలవాళ్లకు కిటుకు దొరికింది. సగటే కదా కొలిచేది? మొదటి పది సెకన్లు నిశ్శబ్దంగా ఉంచి, మిగతా ఇరవై సెకన్లూ దంచితే సగటు సరిపోతుంది. ఐరోపా ప్రసార సంస్థల సంఘంలో ఆస్ట్రియా ప్రసార సంస్థకు చెందిన ఫ్లోరియాన్ కామెరర్ నడిపిన బృందం దీనికి విరుగుడు పట్టింది. శబ్దాన్ని 400 మిల్లీసెకన్ల ముక్కలుగా, ఒకదాని మీద ఒకటి పడేలా కోస్తారు. మొదట సగటు తీసి, దానికంటే బాగా కిందనున్న ముక్కలను గేటు బయటికి నెట్టేసి, మిగిలినవాటికి మళ్లీ సగటు తీస్తారు. ఇక నిశ్శబ్దం పెట్టినా కలిసిరాదు. ఆడిమ్యాక్స్ పెట్టెలోని గేటు కొలబద్దలోకి వచ్చి కూర్చుంది. 2010 ఆగస్టులో వచ్చిన ఆర్128 సిఫార్సు, కార్యక్రమమైనా ప్రకటనైనా సగటు లౌడ్‌నెస్ -23 ఎల్‌యూఎఫ్‌ఎస్ ఉండాలని చెప్పింది. సున్నా అంటే డిజిటల్ కప్పు. దానికి 23 మెట్లు కింద.

అమెరికాలో ఇంజనీర్లు అంతకు ముందు ఏడే -24 అని రాసుకున్నారు. రాసుకుంటే ఎవరు వింటారు? కాలిఫోర్నియా సభ్యురాలు అనా ఎషూ ప్రతినిధుల సభలో బిల్లు తెచ్చింది. 2010 డిసెంబరులో ఒబామా సంతకంతో అది ‘కామ్’ చట్టమైంది, 2012 డిసెంబరు 13 నుంచి అమలైంది. కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు: ఇంజనీర్లు స్వచ్ఛందంగా పెట్టుకున్న ప్రమాణాన్ని తప్పనిసరి చేసింది. 1965లో ఎఫ్‌సీసీ చేయలేకపోయింది ఇది, ఎందుకంటే అప్పుడు తప్పనిసరి చేయడానికి అంకె లేదు.

పాటల విషయంలో చట్టం అక్కర్లేకపోయింది. పాటలు వినిపించే యాప్‌లు ప్రతిదాన్నీ కొలిచి ఒకే ఎత్తుకు తెస్తున్నాయి. స్పాటిఫై -14 దగ్గర, యాపిల్ -16 దగ్గర. నలగ్గొట్టి కప్పుకు ఆనించిన పాటను యాప్ అంతే కిందికి దించేస్తుంది, పక్కన నలగని పాట ఊపిరి తీసుకుంటూ వినిపిస్తుంది. అంత కష్టపడి పెంచిన మోతకు ఫలితం లేకుండా పోయింది. అయినా చాలామంది అలవాటు మానలేదు.

ఫైలు రూపంలో ఉన్నదానికి ఇదంతా హాయి. మొత్తం కొలిచి, ఒకే ఒక్క అంకె తగ్గించో పెంచో వదిలేయవచ్చు. క్రికెట్ ప్రత్యక్ష ప్రసారం సంగతి? తర్వాతి బంతికి ఏమవుతుందో యంత్రానికి తెలియదు. వికెట్ పడి స్టేడియం హోరెత్తగానే కంగారుపడి తగ్గిస్తే, వికెట్ పడిన ఉత్సాహమే చచ్చిపోతుంది. మెల్లగా స్పందిస్తే చెవులు అదిరాక గానీ చెయ్యి పడదు. అందుకే ప్రత్యక్ష ప్రసారాల్లో 400 మిల్లీసెకన్లూ, 3 సెకన్లూ, మొత్తం కార్యక్రమమూ అని మూడు కిటికీల్లోంచి ఒకేసారి చూస్తారు. పాత కంట్రోల్ రూము మనిషికి ఉన్న ముందుచూపు మాత్రం ఏ కిటికీలోనూ లేదు.

ఇంట్లో టీవీ లోపలా ఇలాంటి సదుపాయాలు వచ్చాయి. 2007లో డాల్బీ చూపించిన ‘డాల్బీ వాల్యూమ్’ ఛానెళ్ల మధ్య తేడాలు సరిచేయడంతో ఆగలేదు. శబ్దాన్ని చెవిలాగే పట్టీలుగా విడదీసి, ఇంట్లో పెట్టుకున్న వాల్యూమ్ ఎంతో చూసి, రాత్రిపూట సన్నగా పెట్టినప్పుడు మాయమయ్యే అడుగు స్వరాలను తగిన పాళ్లలో పైకి తెస్తుంది. ప్రసార ప్రమాణం పక్కన పెట్టిన ఫ్లెచర్ గీతలు, త్స్వికర్ పట్టీలు ఇక్కడ పనికొచ్చాయి. ప్రసారం చేసేవాడికి శ్రోత ఎంత వాల్యూమ్ పెట్టుకున్నాడో తెలియదు. టీవీకి తెలుసు.

సినిమాలకు ఇంకో తగువు ఉంది. మొత్తం సగటు తీయాలా, మాటల సగటు తీయాలా? పోరాట దృశ్యాలున్న సినిమాకు మొత్తం సగటు పట్టుకుంటే మాటలు సన్నబడతాయి. నెట్‌ఫ్లిక్స్ తన నిర్మాతలకు మాటలనే కొలిచి -27 దగ్గర ఉంచమంటుంది. మాటలు సరిగ్గా ఉంటే ప్రేక్షకుడు రిమోట్ జోలికి పోడన్నది ఆ నమ్మకం. బాంబు పేలినప్పుడు పోతాడు, ముఖ్యంగా పక్కగదిలో పిల్లలు నిద్రపోతుంటే.

‘కామ్’ చట్టం 2010 నాటిది. అది టీవీ స్టేషన్లనూ, కేబుల్, శాటిలైట్ సంస్థలనూ కట్టడి చేసింది గానీ, ఇంటర్నెట్లో వచ్చే వీడియోల ప్రకటనల ఊసెత్తలేదు. ఆ మోత అటు వలసపోయింది. కాలిఫోర్నియా రాష్ట్రం 2025 అక్టోబరులో స్ట్రీమింగ్ ప్రకటనలకూ అదే హద్దు వర్తింపజేస్తూ చట్టం చేసింది. అమలుకు పెట్టుకున్న తేదీ 2026 జులై 1.

(వచ్చే భాగంలో: చెవికి వినపడనిదాన్ని పారేస్తే పాట పదకొండో వంతుకు ఎలా కుదించుకుపోయింది? జర్మనీలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్, సుజాన్ వేగా పాట, ఎమ్పీత్రీ పుట్టుక.)